హద్దు తెలిసిన నియంత్రణ



1993 ఆగస్టు 8. స్వీడన్ రాజధాని స్టాక్‌హోమ్‌లో నీటి పండుగ జరుగుతోంది. వంతెనల మీదా ఒడ్ల మీదా కిక్కిరిసిన జనం. ఆ దేశం కొత్తగా తయారుచేసుకున్న యుద్ధవిమానం గ్రిపెన్ వాళ్ళ కళ్ళముందు విన్యాసాలు చేస్తోంది. తక్కువ ఎత్తులో, తక్కువ వేగంతో ఒక మలుపు తిరిగి, పైలట్ రెక్కల్ని సమం చేయబోయాడు. విమానం ఆయన అనుకున్నదానికంటే ఎక్కువ ఒరిగింది. దిద్దబోతే రెండోవైపు మరీ ఎక్కువగా వచ్చింది. మళ్ళీ దిద్దాడు. కొన్ని సెకన్లలో అంతా చేయి దాటిపోయింది. ఆయన పారాచూట్‌తో బయటపడ్డాడు. విమానం లాంగ్‌హోల్మెన్ అనే దీవి మీద కూలింది. అంత జనంలోనూ ఎవరి ప్రాణమూ పోకపోవడం అదృష్టమే.

ఆ తర్వాత ఆరు వారాలకు, సెప్టెంబరు 20న, మన శ్రీహరికోట నుంచి పీఎస్ఎల్‌వీ రాకెట్ మొట్టమొదటిసారి పైకి లేచింది. లోపల ఐఆర్ఎస్-1ఈ ఉపగ్రహం ఉంది. మొదటి దశ చక్కగా పనిచేసింది. రెండో దశ విడిపోయేచోట రాకెట్‌కు అనుకోని పెద్ద కుదుపు తగిలింది. అది తేరుకోలేకపోయింది. ఉపగ్రహం కక్ష్యకు చేరలేదు. కొన్నేళ్ళ శ్రమ బంగాళాఖాతంలో కలిసింది.

ఒకటి విమానం, ఒకటి రాకెట్. దేశాలు వేరు, తయారుచేసినవాళ్ళు వేరు. అయినా ఈ రెండు ప్రమాదాల్నీ నేను పక్కపక్కన పెట్టి చూస్తాను. రెండుచోట్లా మామూలు పరిస్థితుల్లో నియంత్రణ వ్యవస్థ బాగానే ఉంది. రెండుచోట్లా ఒక హద్దు తగిలింది. ఆ హద్దు దగ్గర ఏం చేయాలన్నది సరిగా కుదరలేదు. ఈ రోజు నేను చెప్పదలచుకున్నది ఆ హద్దు గురించే.

ఏ నియంత్రణ వ్యవస్థలోనైనా ముగ్గురు పనివాళ్ళు ఉంటారు. సెన్సర్ చూస్తుంది. కంట్రోలర్ లెక్కవేసి ఆజ్ఞ ఇస్తుంది. ఆ ఆజ్ఞను పనిగా మార్చేది యాక్చుయేటర్. ఆవిరిని వదిలే వాల్వు, చక్రాన్ని తిప్పే మోటారు, విమానం రెక్క చివరి పలకను కదిపే హైడ్రాలిక్ పిస్టను, ఆనకట్ట గేటు, ఇవన్నీ యాక్చుయేటర్లే. కంట్రోలర్ కాగితం మీద ఎంత పెద్ద అంకెనైనా అడగగలదు. వాల్వు మాత్రం నూరు శాతం తెరుచుకున్నాక నూటొకటో శాతం తెరుచుకోదు. పలక ఒక కోణం దాటి తిరగదు. తిరిగే కోణంలోనూ ఇంత వేగాన్ని మించి తిరగదు. అంటే ప్రతి యాక్చుయేటర్‌కూ రెండు హద్దులున్నాయి. ఎంత దూరం వెళ్ళగలదన్నది ఒకటి, ఎంత త్వరగా వెళ్ళగలదన్నది రెండోది. హద్దు తగిలిన స్థితిని ఇంజనీర్లు శాచురేషన్ అంటారు.

మన కాలేజీల్లో కంట్రోల్ సిస్టమ్స్ పాఠం మొదలయ్యేది సరళరేఖ సూత్రాలతో. రెట్టింపు ఆజ్ఞ ఇస్తే రెట్టింపు ఫలితం. ఆ లోకంలో హద్దులు లేవు. గణితం అందంగా ఉంటుంది, పరీక్షలో లెక్కలు తెగుతాయి. శాచురేషన్ అన్నది పుస్తకం చివర్లో ఎక్కడో ఒక అధ్యాయంగా వస్తుంది. సిలబస్ పూర్తికాక చాలాచోట్ల అది మిగిలిపోతుంది కూడా. నా అభ్యంతరం ఇక్కడే. యాక్చుయేటర్ హద్దు డిజైన్ అయిపోయాక సరిచూసుకునే విషయం కాదు. అది మొదటి పేజీలో ఉండాలి.

గ్రిపెన్ కథ కొంచెం లోతుగా చూద్దాం. ఆ విమానాన్ని కావాలనే అస్థిరంగా తయారుచేశారు. అలా చేస్తే చురుగ్గా మలుపులు తిరుగుతుంది. కానీ దాన్ని వదిలేస్తే దానంతట అది నిలబడదు. కంప్యూటర్ క్షణక్షణం పలకల్ని కదుపుతూ నిలబెడుతూ ఉండాలి. పైలట్ చేతిలోని స్టిక్ కూడా ఆ పలకలనే కదుపుతుంది. అంటే విమానాన్ని పడకుండా పట్టుకునే పనీ, పైలట్ చెప్పినచోటికి తిప్పే పనీ ఒకే పలకల మీద పడుతున్నాయి. పలక కదిలే వేగానికి హద్దు ఉంది కాబట్టి, పైలట్ గబగబా పెద్దగా స్టిక్ కదిపితే ఆ వేగమంతా ఆయన ఆజ్ఞకే ఖర్చయిపోతుంది. నిలబెట్టే పనికి ఏమీ మిగలదు.

అంతకంటే ప్రమాదకరమైన సంగతి ఇంకొకటి ఉంది. ఒక ఉదాహరణకు అంకెలు అనుకుందాం. పలక సెకనుకు 50 డిగ్రీల కంటే వేగంగా కదలలేదు. ఇప్పుడది పైకి 20 డిగ్రీల దగ్గర ఉంది. ఆజ్ఞ 0.4 సెకన్లలో కిందికి 20 డిగ్రీలకు మారింది. అంటే ఆజ్ఞ వేగం సెకనుకు 100 డిగ్రీలు. ఆ 0.4 సెకన్లలో పలక 20 డిగ్రీలే కదలగలదు కనుక సరిగ్గా సున్నా దగ్గరికి చేరుతుంది. ఈలోగా పైలట్ ఇక చాలనుకుని స్టిక్‌ను అదే వేగంతో వెనక్కి తిప్పాడు. ఆజ్ఞ పైకి వస్తోంది, కానీ పలక ఉన్నచోటు కంటే ఆజ్ఞ ఇంకా కిందే ఉంది. అందుకని పలక కిందికే పోతూ ఉంటుంది. రెండూ కలుసుకునేదాకా, అంటే సెకనులో దాదాపు ఎనిమిదో వంతు సేపు, పైలట్ పైకి అంటున్నాడు, పలక కిందికి వెళుతోంది. తన మాట వినడంలేదని పైలట్ ఇంకా గట్టిగా లాగుతాడు. అప్పుడు ఆజ్ఞ ఇంకా పెద్దదవుతుంది, ఆలస్యమూ ఇంకా పెరుగుతుంది. ఒరిగినదాన్ని నిలబెట్టాల్సిన తోపు, ఆలస్యంగా రావడంవల్ల, ఒరుగుతున్నవైపుకే తోపుగా మారుతుంది. మనిషికీ యంత్రానికీ మధ్య ఊపు ఇలా పుడుతుంది. పైలట్ నైపుణ్యం ఎంత ఉన్నా ఆ క్షణంలో ఆ నైపుణ్యమే ఊపుకు బలం పోస్తుంది.

గ్రిపెన్‌కు అది మొదటి దెబ్బ కూడా కాదు. 1989 ఫిబ్రవరి 2న లింకోపింగ్‌లో తొలి నమూనా విమానం దిగుతూ ఇలాంటి ఊపులోనే పడి కూలింది. రెండుసార్లూ పైలట్ ఒకే వ్యక్తి, రెండుసార్లూ ప్రాణాలతో బయటపడ్డారు. అమెరికాలో 1992 ఏప్రిల్‌లో వైఎఫ్-22 నమూనా విమానం ఎడ్వర్డ్స్ వైమానిక స్థావరం రన్‌వే మీద కడుపు ఆనించి జారడం వెనకా ఇదే రకం ఊపు ఉంది.

స్వీడన్ ఇంజనీర్లు తర్వాత చేసిన మరమ్మతు నాకెంతో ఇష్టం. పలకల వేగాన్ని వాళ్ళు పెంచలేదు. అది పెంచాలంటే హైడ్రాలిక్ పంపులు, బరువు, అన్నీ మారాలి. వాళ్ళు సాఫ్ట్‌వేర్‌లో ఒక అమరిక పెట్టారు. హద్దు తగిలినప్పుడు ఆజ్ఞ దిశ మార్చుకుంటే, పలక కూడా ఆలస్యం లేకుండా దిశ మార్చుకునేలా చూసే అమరిక అది. పలక అడిగినంత దూరం వెళ్ళదు, నిజమే. ఎటు కదలమంటే అటు మాత్రం వెంటనే కదులుతుంది. ఎంత అన్నదాన్ని వదులుకుని, ఎటు అన్నదాన్ని కాపాడుకున్నారు. ఇవ్వలేనిది ఏదో, ఎట్టి పరిస్థితిలోనూ ఇచ్చి తీరవలసింది ఏదో ముందే తేల్చుకోవడం ఇది. ఈ విద్యలో ఇంతకంటే పెద్ద పాఠం నాకు కనబడలేదు.

ఇక శ్రీహరికోట సంగతి. పీఎస్ఎల్‌వీ తొలి ప్రయోగం విఫలమయ్యాక ఇస్రో విశ్లేషణలో రెండు విషయాలు బయటపడ్డాయి. ఒకటి, మండిపోయిన రెండో దశను వెనక్కి లాగి విడదీయాల్సిన రెట్రో రాకెట్లలో లోపం వచ్చింది. కుదుపు అక్కడినుంచి వచ్చింది. రెండోది సాఫ్ట్‌వేర్‌లోది. రాకెట్ ముక్కు పైకీ కిందికీ వాలకుండా చూసే పిచ్ నియంత్రణ భాగంలో ఒక తప్పు దాగి ఉంది. నియంత్రణ ఆజ్ఞ తనకు విధించిన గరిష్ఠ హద్దు దాటినప్పుడు మాత్రమే ఆ తప్పు బయటపడుతుంది. ఆజ్ఞ హద్దులోపల ఉన్నంతసేపూ ఎన్ని పరీక్షలు పెట్టినా అది దొరకదు.

ఇలాంటిచోట కంప్యూటర్ ఎలా దారితప్పగలదో ఒక మామూలు ఉదాహరణ చెబుతాను. 16 బిట్లలో పూర్ణాంకాలు దాచుకునే లెక్కలో అన్నిటికంటే పెద్ద అంకె 32,767. దానికి ఒకటి కలిపితే 32,768 రాదు, మైనస్ 32,768 వస్తుంది. అంటే శక్తికొద్దీ కుడివైపుకు తొయ్యి అన్న ఆజ్ఞ, ఒక్క అంకె తేడాతో, శక్తికొద్దీ ఎడమవైపుకు తొయ్యి అని మారిపోతుంది. హద్దు దాటితే హద్దు దగ్గరే ఆగు అని రాసే ఒక్క వాక్యం దీన్ని ఆపుతుంది. ఆ వాక్యం సరిగ్గా ఉందా అన్నది మామూలు ప్రయాణంలో ఎవరికీ కనబడదు. పెద్ద కుదుపు వచ్చిన రోజునే, అంటే దానితో అసలైన అవసరం పడిన రోజునే, కనబడుతుంది. మన శాస్త్రజ్ఞులు పీఎస్ఎల్‌వీలోని తప్పును వెతికి పట్టుకున్నారు, దిద్దారు. 1994 అక్టోబరు 15న రెండో పీఎస్ఎల్‌వీ అదే తీరం నుంచి లేచి ఐఆర్ఎస్-పీ2 ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టింది.

ఇవి ఆకాశంలో జరిగినవి. నేలమీద, ఫ్యాక్టరీల్లో, ఈ సమస్య రోజూ ఉంది. ప్రాణాపాయం లేనిచోట దాన్ని ఎవరూ పట్టించుకోరు, అంతే. హైదరాబాద్ చుట్టుపక్కల జీడిమెట్లలో, పటాన్‌చెరులో మందుల ఫ్యాక్టరీలున్నాయి. అలాంటిచోట ఒక రియాక్టర్‌ను ఆవిరితో 80 డిగ్రీలకు వేడిచేయాలనుకోండి. వాల్వును నడిపేది పీఐడీ కంట్రోలర్. 1922లో నికొలస్ మినోర్‌స్కీ ఓడల చుక్కాని గురించి రాసిన పత్రంలో దీని లెక్క స్పష్టంగా కనబడుతుంది. పీఐడీలో ఐ, అంటే ఇంటిగ్రేటర్, అన్న భాగం బాకీల చిట్టా రాస్తుంది. కావలసిన వేడికీ ఉన్న వేడికీ తేడా ఎంత, ఎంతసేపటినుంచి, అని కూడుకుంటూ పోతుంది. మొదట్లో రియాక్టర్ చల్లగా ఉంది, తేడా పెద్దది, వాల్వు పూర్తిగా తెరుచుకుంది. ఇక తెరుచుకోవడానికి ఏమీ లేదు. ఆ సంగతి చిట్టాకు తెలియదు. అది రాసుకుంటూనే ఉంటుంది. వేడి 80కి చేరేసరికి చిట్టాలో కొండంత బాకీ పేరుకుపోయి ఉంటుంది. ఆ బాకీ తీరేదాకా వాల్వు మూసుకోదు. వేడి 80 దాటి పోతుంది, సరుకు పాడవుతుంది.

దీన్ని ఇంటిగ్రేటర్ వైండప్ అంటారు. మందు సులువైనదే. కంట్రోలర్ అడిగిందెంత, వాల్వు నిజంగా ఇచ్చిందెంత, ఈ రెండిటి తేడాను వెనక్కి తెచ్చి చిట్టాలో తగ్గించి రాయాలి. ఇదే యాంటీ వైండప్. ఈ రోజుల్లో మంచి కంపెనీ పీఐడీ పెట్టెల్లో ఇది అమర్చే వస్తుంది. కుర్రాళ్ళు ఒక చిన్న మైక్రోకంట్రోలర్ మీద సొంతంగా ప్రోగ్రాము రాసుకున్నప్పుడు మాత్రం తరచు మరిచిపోతారు. ఆపైన గెయిన్‌లు, అంటే ఎంత తప్పుకు ఎంత దిద్దుబాటు అన్న అంకెలు, మార్చి మార్చి, పొద్దంతా ట్యూనింగ్ చేస్తారు. తప్పు గెయిన్‌లో లేదు. చిట్టా రాసేవాడికి వాల్వు సంగతి ఎవరూ చెప్పకపోవడంలో ఉంది.

ఇప్పుడు అసలు చిక్కు దగ్గరికి వద్దాం. రోబస్ట్ కంట్రోల్, అంటే దృఢ నియంత్రణ. యంత్రం గురించి మనకు తెలిసింది ఎప్పుడూ సుమారుగానే ఉంటుంది. బరువు కొంచెం అటూ ఇటూ, గాలి కొంచెం ఎక్కువ తక్కువ. ఆ తేడాలన్నిటినీ తట్టుకుని నిలిచే కంట్రోలర్ కావాలి. హద్దుల్లేని లోకంలో దీనికి ఒక బలమైన ఉపాయం ఉంది. గెయిన్ పెంచడం, అంటే చిన్న తప్పుకు పెద్ద దిద్దుబాటు చేయడం. మరి హద్దులున్న లోకంలో ఏమవుతుంది? దీనికి పెద్ద గణితం అక్కర్లేదు, నోటిలెక్క చాలు. 

అస్థిరమైన ఒక యంత్రం ఉంది. అది ఎంత ఒరిగితే అంత వేగంగా ఇంకా ఒరుగుతుంది. ఒరుగు 1 ఉంటే, ఒరిగే వేగం 1. మన యాక్చుయేటర్ గరిష్ఠ బలం, తిరుగువైపుకు, 1. ఒరుగు 0.9 ఉంటే మన బలం ఎక్కువ కాబట్టి వెనక్కి తేవచ్చు. 1 దాటితే ఇక ఎవరూ తేలేరు. ప్రపంచంలో ఎంత తెలివైన కంట్రోలర్ పెట్టినా తేలేదు. బలం లేదు కనుక. ఇప్పుడు అనిశ్చితి కలుపుదాం. ఆ ఒరిగే తత్వం మనం అనుకున్న 1 కాకుండా 1.25 దాకా ఉండొచ్చు. అప్పుడు భద్రమైన మేర 1ని 1.25తో భాగించినంత, అంటే 0.8. దానికి తోడు గాలి 0.3 బలంతో ఎటునుంచైనా తోయొచ్చు. గాలిని ఎదిరించడానికి 0.3 పోగా మనకు మిగిలింది 0.7. దాన్ని 1.25తో భాగిస్తే 0.56. ఒకటి దగ్గర మొదలుపెట్టి 0.56కి వచ్చాం. గెయిన్ పదింతలు చేయండి, వందింతలు చేయండి, ఆ 0.56 వెంట్రుకవాసి కూడా పెరగదు. ఆజ్ఞ వచ్చి పలక కదిలేలోపు ఆలస్యం ఏమైనా ఉంటే ఇంకా తగ్గుతుంది.

ఈ చిన్న లెక్క నాకు చాలా విలువైనదిగా కనబడుతుంది. దృఢత్వం అన్నది గెయిన్‌లోంచి పుట్టే వస్తువని మనకు అలవాటైన నమ్మకం. ఈ లెక్క ప్రకారం అది మిగులులోంచి పుడుతుంది. చేతిలో వాడని బలం ఎంత మిగిలి ఉందో, అంతే దృఢత్వం. అమెరికన్ ఇంజనీరు గుంటర్ స్టైన్ 1989లో, గ్రిపెన్ తొలి ప్రమాదం జరిగిన ఏడాదే, కంట్రోల్ రంగంలో పేరుమోసిన బోడే ఉపన్యాసంలో అస్థిర వ్యవస్థల్ని గౌరవించమని తోటివారిని హెచ్చరించాడు. గ్రిపెన్ ప్రమాదాన్నీ, చెర్నోబిల్‌నీ ఉదాహరణలుగా తీసుకున్నాడు. ఆ ఉపన్యాసం 2003లో అచ్చయింది. కంట్రోల్ చదువుకునే ప్రతి విద్యార్థీ దాన్ని ఒకసారి చదవాలని నా కోరిక.

మరి మేర అంతేనని తెలిశాక ఏం చేయాలి? మేర దాటేదాకా రానివ్వకూడదు. ఘాట్ రోడ్డు దిగే లారీ డ్రైవర్‌ను చూడండి. ఏటవాలు మొదలు కాకముందే గేరు తగ్గిస్తాడు. బ్రేకులు కాలితే పట్టవని ఆయనకు తెలుసు. వేగం పెరిగాక బ్రేకు ఎంత గట్టిగా తొక్కాలన్న ప్రశ్న తన దాకా రాకుండానే చూసుకుంటాడు.

నీటిపారుదల ఇంజనీర్లకు ఈ సంగతి 2009 అక్టోబరు మొదటివారంలో కళ్ళకు కట్టింది. కృష్ణా, తుంగభద్రల వరద శ్రీశైలం జలాశయంలోకి కనీవినీ ఎరగనంతగా వచ్చిపడింది. ఆనకట్టకు 12 గేట్లు. పూర్తి నీటిమట్టం 885 అడుగులు. గేట్లన్నీ తెరిచారు. అయినా వచ్చే నీరు పోయే నీటికంటే ఎక్కువగా ఉండి, మట్టం 885 దాటి దాదాపు 896 అడుగుల దాకా ఎక్కింది. కర్నూలు నగరం మునిగింది. గేట్లన్నీ పూర్తిగా తెరిచి ఉండడమంటే కంట్రోల్ భాషలో శాచురేషనే. ఆ గంటలో ఆనకట్ట మీద నిలబడ్డ ఇంజనీరు చేతిలో తిప్పడానికి ఇంకో మీట లేదు. మీట ఉన్నది ముందురోజుల్లోనే. వరద రాకముందే నీరు వదిలి చోటు చేసిపెట్టుకోవడం. దానికి పై నుంచి వచ్చే నీటి అంచనా కావాలి, ఆ అంచనాను నమ్మి ముందుగా వదిలే ధైర్యం కావాలి. వర్షం రాకపోతే వదిలిన నీరు మళ్ళీ రాదని రైతుకు ఉండే భయం కూడా న్యాయమైనదే. అందుకే ఇది గణితంతో పాటు జనంతో కూడిన సమస్య.

ముందుచూపుతో నడిచే ఈ పద్ధతికి కంట్రోల్ శాస్త్రంలో మోడల్ ప్రెడిక్టివ్ కంట్రోల్ అని పేరు. 1970లలో షెల్ చమురు కంపెనీ ఇంజనీర్లు చార్లెస్ కట్లర్, బ్రయన్ రామేకర్ రిఫైనరీల కోసం దీని ఒక రూపాన్ని తీర్చిదిద్దారు. రాబోయే కొంతకాలాన్ని లెక్కలో ఊహించుకుని, వాల్వుల హద్దుల్ని ఆ లెక్కలోనే షరతులుగా రాసి, ఇప్పుడు వేయాల్సిన ఒక్క అడుగు తేల్చుకోవడం, మళ్ళీ కొత్త కొలతతో లెక్క మొదటినుంచి వేయడం. హద్దును ఇబ్బందిగా కాక, సమస్యలో సొంత భాగంగా తీసుకున్న మొదటి పెద్ద పారిశ్రామిక పద్ధతుల్లో ఇది ఒకటి. సిద్ధాంతకర్తలు దీని స్థిరత్వాన్ని నిరూపించడానికి ఆ తర్వాత చాలా ఏళ్ళు పట్టింది. పనివాళ్ళు ముందు నడిచారు, పండితులు వెనక వచ్చారు.

సిద్ధాంతం వైపు మన తెలుగువారి చేయి కూడా ఉంది. గుంటూరులో 1947లో పుట్టిన మాతుకుమల్లి విద్యాసాగర్ రోబస్ట్ కంట్రోల్‌కు పునాదులు వేసిన శాస్త్రజ్ఞులలో ఒకరు. 1985లో ఆయన రాసిన పుస్తకం ఆ రంగంలో చాలామందికి పాఠ్యగ్రంథం. ఈ రోజు మన విషయానికి ఎక్కువ దగ్గరగా వచ్చేది 1986లో ఆయన రాసిన పత్రం. అప్పటికి దృఢ నియంత్రణలో వెలుగుతున్నది హెచ్-ఇన్ఫినిటీ పద్ధతి. అది సంకేతాల శక్తిని, అంటే మొత్తం మీద ఎంత ఖర్చయిందన్నదాన్ని, కొలమానంగా తీసుకుంటుంది. కానీ పలకకు, వాల్వుకు కావలసింది మొత్తం లెక్క కాదు. ఒక్క క్షణంలో ఎంత ఎత్తుకు లేచిందన్నదే దానికి ముఖ్యం. ఎడతెగకుండా వీచే గాలి, ఇంత బలాన్ని మించదని మాత్రమే తెలిసిన గాలి, దాన్ని తట్టుకుంటూ శిఖరాన్ని ఎంత తగ్గించగలం అన్న ప్రశ్నను విద్యాసాగర్ ఆ పత్రంలో సూటిగా పెట్టారు. తర్వాత డాహ్లే, పియర్సన్ అనే పరిశోధకులు దానికి పరిష్కార మార్గం చూపారు. ఎల్-వన్ కంట్రోల్ అనే శాఖ అలా ఎదిగింది. శక్తిని కొలవాలా, శిఖరాన్ని కొలవాలా అని ఆగి అడగడం చిన్న పని కాదు. యాక్చుయేటర్ పక్షాన నిలబడి అడిగిన ప్రశ్న అది. విద్యాసాగర్ తరువాత 2012లో లండన్ రాయల్ సొసైటీ ఫెలోగా ఎన్నికయ్యారు. హైదరాబాద్ ఐఐటీలో బోధించారు.

ఇంకొక ఫలితం చెప్పి ఈ సిద్ధాంతాల నుంచి బయటపడతాను. అంత అస్థిరం కాని యంత్రాలకు కూడా హద్దు చిక్కులు పెడుతుంది. బలం వేగాన్ని మారుస్తుంది, వేగం చోటును మారుస్తుంది, ఇలా ఒకదాని మీద ఒకటి కూడుకుంటూ పోయే గొలుసులు ఉంటాయి. ఆ గొలుసులో మూడు లేక అంతకంటే ఎక్కువ లంకెలుంటే, మామూలు సరళరేఖ సూత్రాన్ని హద్దు దగ్గర కత్తిరించి వాడితే, ఎంత దూరం నుంచైనా వెనక్కి తేగలనన్న హామీ ఉండదు. ఫుల్లర్ అనే పరిశోధకుడు 1969లో ఈ సంగతి గమనించాడు. సస్‌మన్, యాంగ్ 1991లో దాన్ని పటిష్ఠంగా నిరూపించారు. మరుసటి ఏడాదే ఆండ్రూ టీల్ దారి చూపాడు. హద్దు లోపల చిన్న హద్దు, దాని లోపల ఇంకా చిన్న హద్దు పెట్టుకుని, ఒక్కో లంకెనూ వరుసగా శాంతపరుస్తూ రావాలి. బయటినుంచి విధించిన హద్దును ఎదుర్కోవడానికి, మనమే లోపల ఇంకా కఠినమైన హద్దులు విధించుకోవడమన్న మాట. వేగం తగ్గుతుంది. హామీ వస్తుంది.

ఇదంతా ఇప్పుడు మన పొలాల దాకా వచ్చింది. మిరప చేలల్లో, వరి మడుల్లో మందు చల్లే డ్రోన్లు తిరుగుతున్నాయి. నాలుగు రెక్కల డ్రోన్ అస్థిరమైన యంత్రం. కంప్యూటర్ లేకుండా క్షణం నిలవదు. నాలుగు మోటార్లు మూడు పనులు చేయాలి. బరువు మోయాలి, ఒరగకుండా నిలబెట్టాలి, ముఖం కావలసినవైపు తిప్పాలి. మోటారు బలం నూరు శాతానికి చేరిందంటే అన్నీ చేయలేదు, ఏదో ఒకటి వదలాలి. ఏది వదలాలన్నది సాఫ్ట్‌వేర్‌లో ముందే రాసి ఉంటుంది. మంచి ఆటోపైలట్‌లు ముఖం తిప్పడాన్ని ముందు వదులుకుంటాయి, అవసరమైతే ఎత్తును కూడా కాస్త వదులుకుంటాయి. ఒరగకుండా చూసే పనిని మాత్రం ఆఖరిదాకా పట్టుకుంటాయి. ముఖం పక్కకు తిరిగిన డ్రోన్ మళ్ళీ తిరుగుతుంది. కాస్త దిగిన డ్రోన్ మళ్ళీ లేస్తుంది. తలకిందులైనది లేవదు.

ఇక్కడ మన నోటిలెక్క మళ్ళీ పనికొస్తుంది. మోటార్ల మొత్తం బలం డ్రోన్ బరువుకు రెట్టింపు ఉంటే, గాలిలో ఊరికే నిలబడడానికి సగం బలం చాలు. మిగతా సగం గాలివాటును ఎదిరించడానికి చేతిలో ఉంటుంది. మందు ట్యాంకు నిండా నింపి, బలం బరువుకు ఒకటింబావు రెట్లే ఉందనుకోండి. నిలబడడానికే ఎనభై శాతం పోతుంది. ఇరవై శాతమే మిగులు. బ్యాటరీ తగ్గుతున్నకొద్దీ ఆ మిగులు ఇంకా తరుగుతుంది. అదే డ్రోన్, అదే సాఫ్ట్‌వేర్, అదే పైలట్. నిండు ట్యాంకుతో, ఈదురుగాలి వీచే సాయంత్రం, అది వేరే యంత్రం. కాబట్టి డ్రోన్ కొనేటప్పుడు ట్యాంకు ఎన్ని లీటర్లు, ఎకరా ఎన్ని నిమిషాల్లో అవుతుంది అని అడిగే రైతు సోదరులు, నిండు ట్యాంకుతో మోటార్ల మీద ఎంత మిగులు ఉంటుందో కూడా అడగండి. ఎంత గాలి దాకా ఎగరనివ్వొచ్చో అడగండి. జవాబు అంకెల్లో చెప్పమనండి. ఆ అంకె చెప్పలేనివారి దగ్గర కొనకండి.